రెండు చిట్టాలు

జమ్మికుంట జిన్నింగు మిల్లుల రాత్రి డ్యూటీ నాది.
పత్తి లారీలు బారుగట్టే నెలల్ల
కన్ను మూద్దామంటే సందుండది.
మిగిలిన నెలల్ల
కన్ను తెరిచి ఉంచనీకి పనుండది.
అట్ల మొదలువెట్టిన చదువు ఇది.

కాంటా రూముల కంప్యూటరున్నది.
మీటల సందుల్ల పత్తి నూగు.
ఏది నొక్కినా
దిండు మీద చెయ్యేసినట్టుంటది.
"నడుపుకో ఓదెలూ, ఏం ఖరాబు చెయ్యకు"
అన్నడు మేనేజరు.
కోర్సు యాప్ ఎక్కిద్దామని చూస్తే
తెర నడుమ ఓ డబ్బా లేచి
అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది,
గేటుకాడ నేను డ్రైవర్లను ఆపి
చిట్టీ అడిగినట్టే.
కోపం రాలే. దాని డ్యూటీ అది.

ఇగ బ్రౌజర్ల తెరిచిన.
అది ఎవరినైనా రానిస్తది,
ఎవరినీ యాదివెట్టుకోదు.
తెల్లారి క్లర్కు వచ్చేలోపు
లాగవుట్ కొట్టి, హిస్టరీ తుడిచి,
కుర్చీ ఎత్తు మళ్ల ఆయనకు సరిచేసి పోత.

వాన కొడితేనే తిప్పలు.
"డెబిట్ అంటే" అని
నోరు తెరిచి అట్లనే ఆగిపోతడు సారు.
ఆయన మొఖం మీద ఓ గుండ్రం
తిరుగుతది, తిరుగుతది,
కట్టేసిన గానుగెద్దు లెక్క.
డెబిట్ అంటే ఏందో
మబ్బుల నాలుగింటికి తెలిసింది నాకు.
అప్పటికి నేనే ఒక అర్థం చెప్పుకున్న.
సగం కరెక్టే.

ఇంట్ల ఇంకోటున్నది.
జమున సంఘం అప్పు తీసి
హన్మకొండ చౌరస్తాల కొన్న పాత ల్యాప్‌టాప్.
మూత ఊడితే
సైకిల్ ట్యూబు ముక్కతోని కట్టిన.
వెనుక స్టిక్కరు మీద
"కె. శ్రావ్య, సెకండ్ ఇయర్" అని ఉంటది.
పీకబుద్ధి కాలే.
దాంట్ల యాప్ ఉన్నది. ఇంటికి నెట్టు లేదు.
సంచిల వేసుకొని మిల్లుకు తెచ్చి
వైఫై కింద పెట్టి
పది పాఠాలు దించుకొని పోత,
బర్రెకు చొప్ప కట్ట మోసుకుపోయినట్టు.
కరెంటు పోనీ, టవర్ పోనీ,
బ్యాటరీ బతికినంతసేపు,
అంటే నలభై నిమిషాలు,
సారు ఆగకుంట చెప్తడు.

కానీ దానికి పొగరు.
ఉన్నట్టుండి ఓనాడు
అప్‌డేట్ చెయ్యందే తలుపు తియ్యనన్నది.
చేద్దామంటే జాగ చాలదన్నది.
నా తొలి పాఠాలే రెండు తీసేసి
జాగ జేసిన.

"రెండిట్ల ఏది మంచిదే?" అని అడిగిన.
బీడీకి దారం చుట్టుకుంటనే
తల ఎత్తకుంట చెప్పింది జమున:
"నా సాటల ఉన్న ఆకే నా ఆకు.
కార్ఖానల ఉన్నదాని ముచ్చట నాకు చెప్పకు."

పోయిన వారం
బ్యాంకు లెక్క కలిపే పాఠం వచ్చింది.
నీ చిట్టాల ఒక అంకె,
బ్యాంకు చిట్టాల ఇంకో అంకె,
రెండూ అబద్ధం కాకపోవచ్చు, అన్నడు సారు.
ఎందుకో నా లెక్క చూసుకున్న.
మిల్లుల బ్రౌజర్ అరవై రెండు శాతమన్నది.
ఇంట్ల యాప్ నలభై ఒకటన్నది.
ఇక్కడ చదివింది దానికి తెల్వది,
అక్కడ చదివింది దీనికి తెల్వది.
ఇద్దరు ఓదెలులున్నరు,
ఒకడు అరుగు మీద, ఒకడు కాంటా రూముల,
ఒకని హాజరు ఇంకొకడు పలుకుతలేడు.

మరి లారీ నిండు బరువుల నుంచి ఖాళీ బరువు
నోటితోనే తీసేసి
కాంటా కన్నా ముందు చెప్పిన రాత్రి
ఏ చిట్టాల ఎక్కింది?
వానల ఆగిన సారుకు
నేను అందించిన ఆ సగం అర్థం?

తేడా దొరకకపోతే కొట్టెయ్యకు,
దొరికేదాక సస్పెన్స్ ఖాతాల రాసిపెట్టు
అన్నడు సారు.

గేటు రిజిస్టరు ఆఖరి పేజీల రాసిన:
ఓదెలు. సస్పెన్స్ ఖాతా. ఇరవై ఒకటి.

బయట హారన్ మోగింది.
పెన్ను చెవిల పెట్టుకొని
చిట్టీ అడగనీకి లేచిన.